ఫ్లోర్ ప్లాన్‌లో తలుపులు, కిటికీలు కచ్చితమైన కొలతతో పెట్టడం ఎలా?

ప్లాన్ గీసే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తలుపు పెట్టడం రెండు క్షణాల పని. టూల్ ఎంచుకుని గోడ మీద క్లిక్ చేస్తే గోడ దానంతటదే తెగి, తలుపు వచ్చి కూర్చుంటుంది. చిక్కంతా ఆ తేలికలోనే ఉంది. తెర మీద చక్కగా కనిపిస్తున్న ఆ తలుపు గోడ మూల నుంచి 437.6 మిల్లీమీటర్ల దూరంలో ఉండొచ్చు. అది మీరు అనుకుని ఇచ్చిన కొలత కాదు, మౌస్ ఆగిన చోటు. ఆ అంకె పట్టుకుని మేస్త్రీ గోడ కట్టలేడు, వడ్రంగి చట్రం చేయలేడు.

ఒకసారి నేను గీసిన ఇంటి ప్లాన్‌లో వంటగది కిటికీని పక్క గోడ నుంచి 600 మి.మీ. దూరంలో పెట్టాను. ఆ సందులో 600 వెడల్పు అలమరా రావాలి. నేను టైప్ చేసిన 600ను సాఫ్ట్‌వేర్ పక్క గోడ మధ్యగీత నుంచి లెక్కేసుకుంది. గోడ మందం 200. అంటే గోడ ముఖం నుంచి కిటికీకి మిగిలింది 500 మాత్రమే. గోడ కిటికీ అడుగు దాకా లేచాక గానీ ఎవరికీ తెలియలేదు. కట్టింది విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చింది. నేను టైప్ చేసిన అంకె సరైనదే. దాన్ని ఎక్కడి నుంచి కొలుస్తున్నారో చూసుకోలేదు. అప్పటి నుంచి తలుపు పెట్టినా కిటికీ పెట్టినా ముందు ఒక్క ప్రశ్నే వేసుకుంటాను. ఈ కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి? కింద చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

1. గీత గీయకముందే యూనిట్లు, డెసిమల్స్ సరిచూసుకోండి

ఫైల్ మిల్లీమీటర్లలో ఉందా, మీటర్లలో ఉందా, అడుగుల్లోనా అన్నది ముందే తేల్చుకోండి. ఆటోక్యాడ్‌లో యూనిట్స్ కమాండ్ తెరిస్తే అక్కడే ఇన్సర్షన్ స్కేల్ (బయటి నుంచి తెచ్చేవాటికి వాడే యూనిట్) కూడా కనిపిస్తుంది. మీటర్లలో గీసిన తలుపు బ్లాక్‌ను (ఒకసారి గీసి మళ్లీ మళ్లీ వాడుకునే బొమ్మను) మిల్లీమీటర్ల ఫైల్‌లోకి తెచ్చినప్పుడు అది చుక్కంత అయిపోవడానికో, ఊరంత పెరిగిపోవడానికో కారణం అక్కడే దొరుకుతుంది.

డెసిమల్స్ సంగతి చాలామంది పట్టించుకోరు. డైమెన్షన్లకు (ప్లాన్ మీద వేసే కొలతలకు) డెసిమల్స్ వద్దని సెట్ చేస్తే 437.6 కాస్తా 438 అని కనిపిస్తుంది. 899.7 చక్కగా 900 అయిపోతుంది. తప్పు అక్కడే ఉంటుంది, కంటికి మాత్రం కనపడదు. అందుకని పని జరుగుతున్నంత సేపూ ఒక డెసిమల్ ఉంచుకోండి. గుండ్రని అంకె రావాల్సిన చోట .3, .7 లాంటి తోకలు కనిపిస్తే ఎక్కడో స్నాప్ (మౌస్ కచ్చితమైన చుక్కను పట్టుకోవడం) తప్పిందని అర్థం. ప్రింటు ఇచ్చే ముందు డెసిమల్స్ తీసేయొచ్చు.

స్కాన్ చేసిన పాత ప్లాన్‌ను కింద పెట్టుకుని గీస్తుంటే, దాన్ని సైజుకు తెచ్చేటప్పుడు తలుపు వెడల్పును ఆధారంగా తీసుకోవద్దు. 900 తలుపు దగ్గర 5 మి.మీ. తేడా వస్తే, 9000 గోడ దగ్గరకు వచ్చేసరికి అది 50 అవుతుంది. ప్లాన్‌లో రాసి ఉన్న అన్నిటికన్నా పొడవైన కొలతను తీసుకోండి. తర్వాత అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి వేరే కొలతలతో సరిచూడండి. స్కాన్ చేసేటప్పుడు కాగితం ఒక వైపు సాగి ఉంటే అప్పుడే బయటపడుతుంది.

2. "వెడల్పు" అంటే ఏ వెడల్పో తేల్చుకోండి

తొమ్మిది వందల తలుపు అని అందరం అంటాం. మేస్త్రీకి అది గోడలో వదలాల్సిన ఖాళీ, వడ్రంగికి చట్రం బయటి కొలత, తలుపులు అమ్మేవాళ్లకు రెక్క వెడల్పు, ఇంట్లో ఉండేవాళ్లకు మంచం, బీరువా పట్టే దారి. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు అంకెలు. ఒక లెక్క దగ్గరగా చూద్దాం.

గోడలో 1000 మి.మీ. ఓపెనింగ్ వదిలారనుకోండి. చట్రం కూర్చోవడానికి రెండు వైపులా 10 చొప్పున సందు కావాలి. చట్రం బయటి వెడల్పు 980. చట్రం నిలువు కమ్మి ఒక్కోటి 60 అయితే, రెండు కమ్ముల మధ్య మిగిలేది 860. రెక్క ఆనడానికి కమ్మిలో 15 లోతు గాడి ఉంటే, గాడి నుంచి గాడికి 890. రెండు వైపులా 3 చొప్పున సందు పోగా రెక్క వెడల్పు 884. ఇక తలుపును 90 డిగ్రీలు తెరవండి. 40 మందం ఉన్న రెక్క బందుల వైపు దారిలోకి కొంత పొడుచుకొస్తుంది. గాడిలో దాగే భాగం పోను, సుమారు 35 మి.మీ. దారిని అది తినేస్తుంది. చివరికి మనిషి నడవడానికి మిగిలేది 825 దరిదాపుల్లో.

వెయ్యితో మొదలుపెట్టి 825 దగ్గర తేలాం. వీల్‌చైర్ వెళ్లాల్సిన తలుపులకు అమెరికాలోని ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) ప్రమాణాలు ఇలా తెరిచినప్పుడు మిగిలే దారి కనీసం 815 మి.మీ., అంటే 32 అంగుళాలు, ఉండాలంటాయి. మన వెయ్యి ఓపెనింగ్ ఆ గీత దాటింది గానీ అంచు మీద దాటింది. చట్రం కమ్మి ఇంకో 10 మి.మీ. ఎక్కువ మందంగా ఉంటే దాటేది కాదు.

మరి మీ సాఫ్ట్‌వేర్‌లో విడ్త్ అన్న పెట్టెలో రాసే అంకె ఈ నాలుగింటిలో ఏది? ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఆర్కిక్యాడ్‌లో ఆ అంకె గోడ ఖాళీదా, తలుపు యూనిట్‌దా అన్నది సెట్టింగ్స్‌లో ఎంచుకోవచ్చు. స్వీట్ హోమ్ త్రీడీలో ఆ వస్తువు మొత్తం వెడల్పు. రెవిట్‌లో అది ఆ ఫ్యామిలీని (తలుపు, కిటికీల రెడీమేడ్ నమూనాను) తయారు చేసినవాళ్ల ఇష్టం. రఫ్ విడ్త్ (గోడలో వదిలే ఖాళీ వెడల్పు) అని ఇంకో పెట్టె ఉంటుంది, కానీ అందులో రాసినంత మాత్రాన గోడలో ఖాళీ మారుతుందన్న హామీ లేదు. ఆటోక్యాడ్‌లో అయితే మీరు బ్లాక్ ఎలా గీశారో అదే. కాబట్టి కొత్త తలుపు ఏది వాడినా, ఒక ఖాళీ ఫైల్‌లో 3000 గోడ గీసి, అందులో ఆ తలుపు ఒక్కటే పెట్టి, గోడ తెగిన చోట డైమెన్షన్ వేసి చూడండి. నిమిషం పని. డౌన్‌లోడ్ చేసిన ఫ్యామిలీలకు ఇది మరీ ముఖ్యం. పేరులో 900 అని ఉండి గోడలో 1020 ఖాళీ తవ్వేవి నాకు తగిలాయి.

3. గోడలు కుదిరాకే తలుపులు

గోడ మందం, పొడవు, మూలల కలయిక పూర్తిగా తేలాకే ఓపెనింగుల జోలికి వెళ్లండి. తలుపు పెట్టాక గోడను పొడిగిస్తేనో, 100 గోడను 200 చేస్తేనో, పక్క గోడ ముఖం జరుగుతుంది. తలుపు ఉన్న చోటే ఉండిపోవచ్చు, లేదా గోడతో పాటు జరగొచ్చు. రెండిటిలో ఏది జరిగినా మీరిచ్చిన కొలత పోయినట్టే.

గోడ ముఖం అంటే ఇటుక ముఖమా, ప్లాస్టరింగ్ ముఖమా అన్నది కూడా ఇక్కడే నిర్ణయించుకోవాలి. ప్లాస్టరింగ్ 12 నుంచి 20 మి.మీ. ఉంటుంది. గది లోపలి కొలతలో రెండు వైపులా కలిపితే 24 నుంచి 40 తేడా. కట్టేవాళ్లకు ఇచ్చే ప్లాన్‌లో ఇటుక ముఖం నుంచి కొలతలివ్వడం మంచిది. ఎందుకంటే ఓపెనింగ్ వదిలే రోజున సైట్‌లో ఉండేది అదొక్కటే. అలమరాలు, ఫర్నిచర్ ప్లాన్‌కు పూర్తయిన గోడ ముఖం కావాలి. ఒకే షీట్‌లో రెండూ కలపొద్దు.

కట్టి ఉన్న ఇంటిని కొలిచి గీస్తుంటే ఇంకో మాట. ముక్క ముక్కగా కొలవకండి. మూల నుంచి తలుపు దాకా ఒకటి, తలుపు ఒకటి, తలుపు నుంచి కిటికీ దాకా ఒకటి, ఇలా ఏడు ముక్కలు కొలిచి ఒక్కోదాన్ని దగ్గరి 5 మి.మీ.కు సవరిస్తే, ఒక్కో ముక్కలో 2.5 దాకా తేడా రావొచ్చు. అన్నీ ఒకే వైపు వెళ్తే చివరికి 17 మి.మీ. దాటిపోతుంది. టేపు సున్నాను మూలలో ఆనించి, గోడ పొడవునా పరిచి, ప్రతి అంచు దగ్గరా వచ్చే అంకెను వరసగా రాసుకోండి. తేడా ఎక్కడికక్కడే ఆగిపోతుంది, పేరుకోదు. గది రెండు మూలగీతలు కూడా కొలవండి. నాలుగు గోడలూ మూలమట్టానికి ఉన్నాయో లేదో అవే చెబుతాయి.

4. అంచు నుంచా, మధ్య నుంచా?

ఇటుక, బ్లాకు గోడలకు ఓపెనింగ్ అంచుల నుంచి కొలత ఇస్తారు. చెక్క ఫ్రేమ్ గోడలకు ఓపెనింగ్ మధ్యగీతకు ఇవ్వడం ఆనవాయితీ. అక్కడ వడ్రంగి మధ్యను గుర్తు పెట్టుకుని, చేతిలో ఉన్న యూనిట్ సైజును బట్టి రెండు వైపులా ఖాళీ వదులుకుంటాడు. మేస్త్రీ అలా కాదు. ఇటుక ఎక్కడ ఆపాలో అతనికి తెలియాలి.

డిజైన్ పరంగా నా పద్ధతి ఇది. గదిలో తలుపుకు మూల నుంచి అంచు కొలత ఇస్తాను. కిటికీ గోడ మధ్యలో రావాలనుకుంటే మధ్యగీతకు ఇచ్చి, అంచులను సాఫ్ట్‌వేర్‌నే తేల్చనిస్తాను. బయటి ఎలివేషన్‌లో (ఎదుటి నుంచి గోడను చూపే బొమ్మలో) పై అంతస్తు కిటికీ కింది కిటికీతో ఒకే వరసలో కనిపించాలంటే గ్రిడ్ లైన్ (భవనం మొత్తానికి గీసుకున్న ఆధార గీత) నుంచి ఇస్తాను. పై అంతస్తు గోడ సన్నగా ఉంటే గోడ ముఖం నుంచి ఇచ్చిన కొలత రెండు అంతస్తుల్లో ఒకే చోటుకు రాదు. గ్రిడ్ మాత్రం ఎక్కడికీ పోదు.

రెవిట్ వాడేవాళ్లు మేనేజ్ ట్యాబ్‌లో అడిషనల్ సెట్టింగ్స్ తెరిచి, టెంపరరీ డైమెన్షన్స్ అన్న చోట చూడండి. గోడలను మధ్యగీత నుంచి కొలవాలా, ముఖం నుంచా, కోర్ (పూత లేని అసలు గోడ) ముఖం నుంచా, తలుపులు కిటికీలను మధ్య నుంచా, ఓపెనింగ్ అంచుల నుంచా అని అడుగుతుంది. నా వంటగది కిటికీ కథ మొత్తం ఈ ఒక్క పెట్టెలోనే ఉంది. ఇటుక గోడల పనికి ఫేసెస్ ఆఫ్ కోర్, ఓపెనింగ్స్ అని పెట్టుకుంటే, పూతను మినహాయించి కొలత ఇటుక నుంచి ఇటుకకు వస్తుంది. గోడ టైప్‌లో ప్లాస్టరింగ్‌ను కోర్ బయట పొరగా పెట్టి ఉండాలి మరి.

5. పెట్టే పద్ధతి

ఆటోక్యాడ్: ఇక్కడ గోడ అంటే రెండు గీతలే కాబట్టి ఓపెనింగ్ మనమే కోయాలి. లోపలి మూల నుంచి 150 వదిలి, 900 ఓపెనింగ్ కావాలనుకుందాం. ముందు ఆబ్జెక్ట్ స్నాప్ సెట్టింగ్స్‌లో నియరెస్ట్ అన్నదాన్ని తీసేయండి. అది ఆన్‌లో ఉంటే గీత మీద ఏ చుక్కనైనా పట్టేసుకుంటుంది. తోకలున్న అంకెల్లో ఎక్కువ భాగం దాని పుణ్యమే. ఎండ్‌పాయింట్, మిడ్‌పాయింట్, ఇంటర్‌సెక్షన్, పర్పెండిక్యులర్ చాలు.

లైన్ కమాండ్ ఇచ్చి, మొదటి పాయింట్ అడిగినప్పుడు ఫ్రమ్ అని టైప్ చేయండి. బేస్ పాయింట్‌గా గది లోపలి మూలను ఎండ్‌పాయింట్‌తో పట్టండి. తర్వాత @150,0 అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఎఫ్8తో ఆర్థో (గీత అడ్డంగా, నిలువుగా మాత్రమే వెళ్లేలా చేసేది) ఆన్ చేసి, మౌస్‌ను గోడ మందం వైపు చూపి 200 అని కొట్టండి. మొదటి అంచు వచ్చింది. దాన్ని 900 ఆఫ్‌సెట్ చేస్తే (అంత దూరంలో నకలు గీస్తే) రెండో అంచు. మధ్యలో ఉన్న గోడ గీతలను ట్రిమ్ చేయండి, అంటే కత్తిరించండి. ఇప్పుడు తలుపు బ్లాక్‌ను ఓపెనింగ్ మూలకు ఎండ్‌పాయింట్‌తో అతికించండి. అందుకే బ్లాక్ బేస్ పాయింట్ బందుల వైపు చట్రం బయటి మూలలోనే ఉండాలి. రెక్క మధ్యలో ఉంటే ప్రతిసారీ కంటి కొలతే గతి.

బ్లాక్‌ను సున్నా లేయర్‌లో గీస్తే, పెట్టిన లేయర్ రంగు, మందం దానికి వస్తాయి. 900 బ్లాక్‌ను స్కేల్ చేసి 800 చేయొద్దు. చట్రం మందం కూడా సన్నబడుతుంది. ఒక్క దిశలోనే స్కేల్ చేస్తే తలుపు తిరిగే వంపు కోడిగుడ్డులా సాగుతుంది. డైనమిక్ బ్లాక్ (సైజు మార్చుకోగల బ్లాక్) చేసుకుని, వెడల్పుకు 700, 800, 900, 1000 అని లిస్టు ఇచ్చేయండి. అప్పుడు 863 వెడల్పు తలుపు పొరపాటున కూడా పుట్టదు. తిప్పడానికి రెండు ఫ్లిప్ పారామీటర్లు పెడితే ఒకే బ్లాక్ నాలుగు రకాల తలుపులుగా పనిచేస్తుంది.

రెవిట్: డీఆర్ కొడితే తలుపు, డబ్ల్యూఎన్ కొడితే కిటికీ. క్లిక్ చేయకముందే ట్యాగ్ ఆన్ ప్లేస్‌మెంట్ వెలిగించండి, తర్వాత నంబర్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. గోడ మీదకు తెచ్చాక స్పేస్‌బార్ నొక్కితే తలుపు అటూ ఇటూ తిరుగుతుంది. ఎక్కడో ఒక చోట క్లిక్ చేయండి, చోటు గురించి టెన్షన్ వద్దు. తర్వాత తలుపును సెలెక్ట్ చేస్తే టెంపరరీ డైమెన్షన్లు కనిపిస్తాయి. వాటి చివరనున్న చిన్న నీలి చుక్కను చూడండి, అది ఎక్కడ నిలబడి ఉందో అదే మన ప్రశ్నకు జవాబు. చుక్కను క్లిక్ చేస్తుంటే గోడ మధ్య, ముఖాల మధ్య మారుతుంది. లాగి కావలసిన గోడ మీద పెట్టనూ వచ్చు. చుక్క సరైన చోట నిలిచాక అంకె మీద క్లిక్ చేసి 150 అని కొట్టండి. సెలెక్ట్ అయి ఉన్నది తలుపు కాబట్టి తలుపే జరుగుతుంది, గోడ కదలదు. గోడను సెలెక్ట్ చేసి అదే పని చేస్తే గోడ జరుగుతుందని గుర్తుంచుకోండి.

కిటికీ గోడ మధ్యలో రావాలంటే గోడ ముఖం, కిటికీ మధ్య, అవతలి గోడ ముఖం మీదుగా ఒకే అలైన్డ్ డైమెన్షన్ వేసి, దాని మీద కనిపించే ఈక్యూ గుర్తును నొక్కండి. ఆ తర్వాత గది సైజు మారినా కిటికీ మధ్యలోనే ఉంటుంది. కొత్త సైజు కావాలంటే ముందు టైప్‌ను డూప్లికేట్ చేసి, పేరు మార్చి, ఆ తర్వాతే వెడల్పు మార్చండి. డూప్లికేట్ చేయకుండా మారిస్తే ప్రాజెక్టులో ఆ టైప్ తలుపులన్నీ ఒక్కసారే మారిపోతాయి. వాటిలో సగం మీరు చూస్తున్న వ్యూలో కనిపించవు కూడా.

ఆర్కిక్యాడ్: తలుపును ఎక్కడ పట్టుకుని పెడుతున్నారన్నది సెట్టింగ్స్‌లో ఉంటుంది. మధ్యలోనా, ఒక పక్క అంచునా అని యాంకర్ ఎంచుకోవాలి. మూల నుంచి కొలత ఇచ్చేటప్పుడు పక్క అంచు, గోడ మధ్యలో పెట్టేటప్పుడు మధ్య యాంకర్. కిటికీకి చోటు చూపించాక కర్సర్ సూర్యుడి గుర్తుగా మారుతుంది. ఇంటి బయటి వైపు క్లిక్ చేయండి. ఇక్కడ తొందరపడితే కిటికీ లోపలిది బయటకి, బయటిది లోపలికి అవుతుంది.

స్వీట్ హోమ్ త్రీడీ: ఉచితంగా దొరుకుతుంది, ఇల్లు తామే గీసుకుందామనుకునేవాళ్లకు బాగా పనికొస్తుంది. తలుపును గోడ దగ్గరకు లాగితే అయస్కాంతంలా అతుక్కుంటుంది. తర్వాత డబుల్ క్లిక్ చేసి ఎక్స్, వై, నేల నుంచి ఎత్తు అంకెలతో సరిచేయాలి. ఎక్స్, వై అంకెలు ఆ వస్తువు మధ్యకు చెందినవి, అంచుకు కాదు. 900 వెడల్పు తలుపు అంచు 150 దగ్గర రావాలంటే, మూల నుంచి 150కి సగం వెడల్పు 450 కలిపి 600 అని లెక్కేసుకోవాలి.

6. ఎత్తుల లెక్క: పై అంచు ముందు

ప్లాన్‌లో కనిపించదు కాబట్టి ఎత్తును చాలామంది చివరికి వదిలేస్తారు. నేను లింటెల్ (ఓపెనింగ్ పైన గోడ బరువు మోసే దూలం) ఎత్తుతో మొదలుపెడతాను. తలుపులు, కిటికీల పై అంచులు ఒకే మట్టానికి ఉంటే ఎలివేషన్ శుభ్రంగా ఉంటుంది, లింటెల్ కూడా ఒకే వరసలో పోతుంది. పై అంచు 2100 అనుకుంటే 1200 ఎత్తు కిటికీకి సిల్ (కిటికీ అడుగు అంచు) 900, 1500 ఎత్తు కిటికీకి సిల్ 600. వంటగదిలో 900 ఎత్తు గట్టు మీదకు కిటికీ వస్తే సిల్ 1050కి పెంచాలి, కిటికీ ఎత్తు 1050కి తగ్గాలి. సిల్, ఎత్తు రెండూ కలిపితే ఎప్పుడూ 2100 రావాలి. సిల్ మాత్రమే మార్చి ఎత్తు మరిచిపోతే కిటికీ 2250కి ఎగబాకి లింటెల్‌ను తంతుంది.

ఇక్కడా అదే ప్రశ్న. 2100 ఎక్కడి నుంచి? స్లాబ్ మీద నుంచా, ఫ్లోరింగ్ మీద నుంచా? ఫ్లోరింగ్ మందం 60 అయితే, పూర్తయిన నేల నుంచి 2100 అంటే స్లాబ్ నుంచి 2160. ఇది రాయకపోతే గోడ కట్టేటప్పుడు స్లాబ్ నుంచి 2100కే లింటెల్ వేస్తారు. తర్వాత ఫ్లోరింగ్ పడ్డాక తలుపు రెక్కను కింద 60 మి.మీ. కోయాల్సి వస్తుంది. మోడల్‌లో లెవెల్ దేన్ని సూచిస్తుందో దాని పేరులోనే రాసిపెట్టండి.

బాత్రూమ్ వెంటిలేటర్ల సంగతి వేరు. రెవిట్ మెట్రిక్ టెంప్లేట్‌లో ప్లాన్ వ్యూ సాధారణంగా నేల నుంచి 1200 ఎత్తులో గోడను కోసి చూపిస్తుంది. 1500 సిల్ ఉన్న వెంటిలేటర్ ఆ కోతకు పైన ఉంటుంది కాబట్టి గోడ తెగినట్టు కనిపించదు. మొత్తం ప్లాన్ కోత ఎత్తు పెంచేయకండి, మిగతా గదుల్లో గజిబిజి అవుతుంది. ఆ గది మట్టుకు ప్లాన్ రీజియన్ గీసి, అక్కడ కోత ఎత్తు పెంచండి.

7. గోడ మందంలో చట్రం ఎక్కడ?

దీన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, కానీ తలుపు ఎంత తెరుచుకుంటుందో నిర్ణయించేది ఇదే. 200 గోడలో 100 మందం చట్రం ఉందనుకోండి. రెక్క ఏ గదిలోకి తెరుచుకుంటుందో ఆ గది వైపు ముఖానికి చట్రం సమంగా ఉంటే, రెక్క 180 డిగ్రీలు తిరిగి గోడకు ఆనుతుంది. చట్రం అవతలి ముఖానికి పెడితే, రెక్క 90 డిగ్రీల దగ్గరే గోడ పక్క భాగానికి తగిలి ఆగిపోతుంది. ప్లాన్‌లో రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. జూమ్ చేసి చూసుకోండి. ముఖానికి సమంగా అంటే ప్లాస్టరింగ్ ముఖానికి అని కూడా గుర్తుంచుకోండి.

8. తెరుచుకునే దిక్కు, మూల దగ్గర సందు

తలుపును మూలకు పూర్తిగా ఆనించి పెడితే చట్రం చుట్టూ కొట్టే పట్టీకి చోటుండదు, పిడి గోడకు కొట్టుకుంటుంది. కనీసం 100, వీలైతే 150 వదలండి. రెక్క తెరుచుకునే వెనక అలమరా రావాలంటే 600 పైన వదలాలి. వీల్‌చైర్‌లో ఉన్న మనిషి తలుపును తన వైపు లాగి తెరవాలంటే, గొళ్లెం వైపు పక్కన కూడా చోటు కావాలి. ఎదురుగా వచ్చేవారికి ఏడీఏ చెప్పేది 455 మి.మీ. ఈ చోటు గోడ కట్టాక పుట్టించలేం.

ప్రతి తలుపు వంపును చూపుతో ఒకసారి తిప్పండి. ఇంకో తలుపు వంపును దాటుతోందా? మెట్ల మొదటి అంచు మీదకు వస్తోందా? లైటు స్విచ్చి రెక్క వెనక పడిందా? చిన్న టాయిలెట్‌లో తలుపు లోపలికి తెరుచుకునేలా ఉంటే, లోపల ఎవరైనా కళ్లు తిరిగి పడిపోయినప్పుడు తలుపు తెరవడానికి వాళ్లే అడ్డమవుతారు. అలాంటి చోట బయటికి తెరుచుకునేలా పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

అపార్ట్‌మెంట్ ప్లాన్‌ను మిర్రర్ చేస్తే కుడి చేతి తలుపులన్నీ ఎడమ చేతివి అవుతాయి. గీతలో తప్పేం లేదు, కానీ షెడ్యూల్‌లో (తలుపులు, కిటికీల పట్టికలో) కుడి, ఎడమ విడివిడిగా లెక్కపెట్టకపోతే ఒకే రకం తాళాలు, చట్రాలు వచ్చిపడతాయి.

ఇటుక కొలతకు సరిపడేలా ఓపెనింగ్ పెడితే ఇటుకలు తక్కువ కోయాలి. ఇటుక 190, జాయింటు 10, కలిపి 200 అయితే, ఓపెనింగులకు 200 గుణిజానికి 10 కలపండి, రెండు ఓపెనింగుల మధ్య గోడ ముక్కకు 10 తీసేయండి. అంటే ఓపెనింగ్ 1010, గోడ ముక్క 790.

9. సరిచూడటం

గోడ ఒక్కోదాని వెంట ఒకే వరసలో డైమెన్షన్లు వేసి కూడండి. లోపలి పొడవు 4200 ఉన్న గోడలో 150 వదిలి, 900 తలుపు, 1350 గోడ, 1500 కిటికీ, చివర 300. మొత్తం 4200. ఇలా కూడి చూసే అలవాటు ఎన్నో తప్పులను పట్టిస్తుంది. కూడిక కుదరకపోతే తలుపును జరపండి. డైమెన్షన్ అంకెను మాత్రం చేత్తో దిద్దకండి. ఆటోక్యాడ్ అలా దిద్దనిస్తుంది, అసలు కొలత వెనక్కి కావాలంటే టెక్స్ట్ స్థానంలో <> అని ఇవ్వాలి. రెవిట్ అయితే అంకెను వేరే అంకెతో దిద్దడానికి ఒప్పుకోదు.

తర్వాత షెడ్యూల్ తీయండి. వెడల్పు ప్రకారం వరస పెట్టండి. 900లు ఇరవై ఉండి 905 ఒక్కటుంటే, అది తప్పుగా పుట్టిన తలుపే. సిల్, పై అంచు కాలమ్‌లు కూడా అలాగే చూడండి. రెవిట్‌లో మామూలుగా తలుపు ట్యాగ్ ఒక్కో తలుపుకు ఒక్కో నంబరు ఇస్తుంది, కిటికీ ట్యాగ్ టైప్ నంబరు చూపిస్తుంది. షెడ్యూల్‌తో పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుంటే తికమక ఉండదు. నాలుగు ఎలివేషన్లూ తెరిచి, పై అంచుల మీదుగా ఒక గీత గీసి చూడండి.

చివరిగా ప్రింటు. 1:50 స్కేల్‌లో 900 ఓపెనింగ్ కాగితం మీద 18 మి.మీ. ఉండాలి. స్కేలు పెట్టి కొలవండి. 17 వచ్చిందంటే ప్రింట్ సెట్టింగ్స్‌లో పేజీకి సరిపడేలా కుదించే ఆప్షన్ ఆన్‌లో ఉన్నట్టే. దాన్ని తీసేసి, నూరు శాతం సైజులో మళ్లీ తీయండి.